వివాహ ఛాయాచిత్రణము: సహజత్వము

పెండ్లి ఛాయాచిత్రకారుడు కాగోరువాడు కెమెరా కంటె ముందు మర్యాదను అభ్యసింపవలెనని మా అభిప్రాయము. ఇందుకు మన నగరచరిత్రలోనే నిదర్శనము గలదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్ దయాళ్ 1892లో ఘోషా స్త్రీల కొరకు హైదరాబాదులో జనానా స్టూడియో నెలకొల్పి, నిర్వహణను ఒక ఆంగ్లవనితకు అప్పగించెను. నమ్మకమున్నచోటనే ముఖము వికసించును.

నాడు గాజుపలకపై బొమ్మ పడువరకు మనిషి కదలరాదు. 1925లో వెలువడిన లైకా వంటి చిన్న కెమెరాలు ఆ నిర్బంధమును సడలించినవి. అయినను “ఇటు చూడండి, నవ్వండి” అను ఆజ్ఞ నేటికిని మన పెండ్లిపందిళ్ళను వీడలేదు.

సహజచిత్రము కోరువాడు పెండ్లితంతు ముందే తెలిసికొని, తగినచోట నిలిచి వేచియుండవలెను. తలంబ్రాలు గాలిలో నిలిచినట్లు పడుటకు సెకనులో 500వ వంతు కాలము చాలును. అప్పగింతల వేళ ఫ్లాష్ వెలిగింపరాదు. కిటికీ వెలుగు మేలు. నికాహ్‌లో వరుడు “ఖుబూల్” అనునపుడు వధువు తండ్రి కన్నులను గమనింపవలెను.

అభ్యాసమునకు ఆబిడ్స్‌లోని ఆదివారపు పాతపుస్తకాల బజారు, నాంపల్లి నుమాయిష్ చక్కని పాఠశాలలు. అచ్చటను అనుమతి అడిగియే చిత్రము తీయవలెను.

ఇంకొక మాట. స్త్రీల చిత్రములను వారి సమ్మతి లేక ప్రదర్శించుట విశ్వాసఘాతుకము. ఆడవారి గదిలోనికి ఆహ్వానము పొందగల ఛాయాచిత్రకారిణుల అవసరము మన ఇండ్లలో మిక్కుటము. మన కళాశాల విద్యార్థినులకు ఇది గౌరవప్రదమైన జీవనోపాధి కాగలదు. కళాశాల సంఘము ఒక కెమెరాను, ఒక శిక్షకురాలిని సమకూర్చినచో ఆరంభమునకు అంతియే చాలును.