గోధుమ పడని ప్రేగు, కేన్సరు భయము

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమునుండి ఖరగ్‌పూరులో స్థిరపడిన తెలుగు కుటుంబములకు అన్నమే ప్రధానాహారము. అయినను రొట్టె, లూచీ, సేమియా కూడ క్రమముగా వారి వంటయింట చేరినవి. గోధుమ, బార్లీలలోని గ్లూటెన్ అను మాంసకృత్తు కొందరికి సరిపడక చిన్నప్రేగు లోపలిపొరను క్షీణింపజేయును. దీనిని సీలియాక్ వ్యాధి యందురు. ఎడతెగని విరేచనములు, పిల్లలలో ఎదుగుదల లోపము, మందులకు లొంగని రక్తహీనత దీని లక్షణములు.

2016లో ప్రచురితమైన భారతీయ పరిశీలనలో ఈ వ్యాధిని సూచించు ప్రతిరక్షకములు ఉత్తరాదిన నూటికి 1.23 మందిలోను, దక్షిణాదిన 0.10 మందిలోను కన్పట్టినవి. వంశపారంపర్య లక్షణము మాత్రము ఇరుచోట్ల ఇంచుమించు సమానమే! గోధుమ వాడుకలోనే పెద్ద భేదమున్నది. కనుక అన్నము తినువారి సంతతికిది రాదనుకొనరాదు.

ఈ వ్యాధిగ్రస్తులలో కొందరికి ప్రేగులో లింఫోమా అను కేన్సరు పుట్టుటను 1962లో బ్రిటిష్ వైద్యులు ప్రకటించిరి. ఎడతెగని వాపువలన ప్రేగుపొరలోని రక్షకకణములే అదుపు తప్పును. ఇది అరుదు. అయిదేండ్లు, అంతకుమించి గ్లూటెన్ పూర్తిగా మానినవారికి కేన్సరు అపాయము ఇతరులకంటె ఎక్కువ కాదని 1989లో ప్రకటితమైన పరిశోధన తెలిపినది. పూర్తిగా మానుట మాత్రము తేలిక కాదు. అంగడి ఇంగువలో గోధుమపిండి తరచు కలిసియుండును. గోధుమలు ఆడించిన మరలోనే చోళ్లు ఆడించినను పిండిలో గ్లూటెన్ చేరును.

రక్తపరీక్షకు ముందే గోధుమ మానినచో వ్యాధి బయటపడకపోవచ్చును. పథ్యము సక్రమముగా సాగుచుండగా మరల బరువు తగ్గినను, కడుపునొప్పి, జ్వరము కలిగినను జాగుచేయక రైల్వే ఆసుపత్రిలో గాని, ప్రభుత్వ ఆసుపత్రిలో గాని చూపించుకొనవలెను.