తుపాకుల మరమ్మతుకు లేత్ పని ఒక్కటే చాలదు

ప్రశ్న: ఐటీఐలో టర్నర్ ట్రేడ్ చదువుతున్నాను. తుపాకుల మరమ్మతులో స్థిరపడాలని ఉంది. ఇంకా ఏ పనులు నేర్చుకోవాలి?

జవాబు: లేత్ వచ్చంటే పునాది ఉన్నట్టే. నాలుగు దవడల చక్‌లో ముక్కను బిగించి, డయల్ ఇండికేటర్ ముల్లు కదలనంతగా సెంటర్ చేయడం బాగా సాధన చేయండి. మైక్రోమీటర్‌తో 0.01 మి.మీ. తేడా పట్టగలగాలి. మిల్లింగ్ కూడా కొంత రావాలి.

అసలు పనితనం తెలిసేది మాత్రం ఆకురాయి దగ్గరే. రెండు భాగాలు కూర్చేటప్పుడు ఒకదానికి ప్రష్యన్ బ్లూ పల్చగా పూసి, రెండోదానికి ఆనించి తీస్తారు. ఎత్తుగా ఉన్నచోటే నీలం అంటుతుంది. ఆ మచ్చ మీదే ఒకటి రెండుసార్లు ఆకురాయి ఆడించి, మళ్లీ ఆనించి చూస్తారు. తొందరపడితే భాగం పాడైనట్టే. స్క్రూడ్రైవర్ మొన కూడా గాడికి సరిగ్గా సరిపోవాలి, లేకపోతే జారి స్క్రూ తల చెక్కుకుపోతుంది.

ఉక్కుకు గట్టిదనం ఎలా వస్తుందో తప్పక చదవండి. కొన్ని భాగాలకు పైపొర మాత్రమే గట్టిగా ఉంటుంది. తెలియక దాన్ని అరగదీస్తే ఆ భాగం తొందరగా అరిగి, తుపాకీ ప్రమాదకరంగా మారుతుంది.

ఆయుధాల చట్టం, 1959 ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ మరమ్మతు చేయడం నేరం. కాబట్టి సాధనంతా మామూలు ఇనుప ముక్కల మీదే చేయండి. ట్రేడ్ పూర్తయ్యాక ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల అప్రెంటిస్ ప్రకటనలు గమనిస్తూ ఉండండి.