రాతితోటలో చాపవలె ప్రాకు డయాంథస్ మొక్కల పెంపకము

డయాంథస్ అనునది కార్నేషన్ పువ్వు చేరిన మొక్కల ప్రజాతి. అందు కొన్ని రకములు ఎత్తు పెరుగక, బూడిదవన్నెగల సన్నని ఆకులతో నేల నంటి చాపవలె పరచుకొనును. ఐరోపా ఖండపు కొండలలో బండసందులే వీని పుట్టినిల్లు. ఇంగ్లండు దేశమున సోమర్సెట్ ప్రాంతపు చెడ్డర్ కనుమలో సున్నపురాతి చరియలపై మొలచు చెడ్డర్ పింక్ ఇట్టిదే. 1981 నాటి చట్టముచే అచ్చటి అడవిమొక్కలను పెరుకుట నిషిద్ధము. తోటలకు కావలసినవి తోటమొక్కలనుండియే పెంచుకొనవలెను. ఆంగ్లభాషలో పింక్ అను రంగుపేరు ఈ పువ్వునుండియే వచ్చెనందురు.

ఎరువెంత వేసిన నంత మేలని తలచు రైతు ఈ మొక్క విషయమున నష్టపోవును. పెంటయెరువు అధికమైనచో కొమ్మలు మెత్తబడి పొడవుగా సాగును, చాప నడుమ బోసిపోవును, పూలు తగ్గును. అంతకన్న పెద్ద శత్రువు నిలువనీరు. ఈ మొక్కలు మంచునకు వెఱవవు గాని, ఇంగ్లండులో సైతము చలికాలపు తడికి మొదలు క్రుళ్లి చచ్చును.

కావున ఎండ చక్కగా తగులు వాలుస్థలము నేర్పఱచుకొనవలెను. అడుగున పెద్ద కంకర పఱచి, పైన తోటమన్ను, ముతక యిసుక, రాతిముక్కలు రమారమి సమపాళ్లుగా కలిపి పోయవలెను. బండలను నేలపై ఊరక పెట్టరాదు. మూడవవంతైనను పాతి, వెనుకకు కొంచెము వాలునట్లు నిలిపినచో వాననీరు వెనుకనున్న వేళ్లకు చేరును, బండయు కదలదు. మొక్క నాటిన పిమ్మట మొదలుచుట్టును, ఆకులచాప క్రిందను అంగుళము మందమున సన్నకంకర చల్లవలెను. ఈ కంకరయే మొదటిని పొడిగా ఉంచును, దీనిని మానరాదు. చెడ్డర్ పింక్ వంటి రకములకు సున్నపురాతి ముక్కలు హితము.

పూలు వాడినవెంటనే కాడలను కత్తిరించవలెను. ముదిరిన చాప నడుమ ఎండుట సహజము గనుక, కొన్ని యేండ్ల కొకమారు క్రొత్త మొక్కలను సిద్ధపఱచుకొనుట మేలు. పూవులేని కొమ్మకొనలను రెండు మూడు అంగుళములు కణుపు క్రింద కోసి, అడుగు ఆకులు తీసి, తడియిసుకలో గ్రుచ్చి నీడన ఉంచినచో కొన్ని వారములలో వేళ్లు పుట్టును.

తెలుగుదేశపు మైదానములలో ఈ కొండరకములకై ధనము వెచ్చించుట వ్యర్థము. వేసవియెండకును, వానకాలపు ఉక్కకును ఇవి నిలువవు. నల్లరేగడిలో చెప్పనక్కఱయే లేదు. పూలపై మక్కువగల రైతు చైనా పింక్ అను డయాంథస్ చైనెన్సిస్ విత్తనమును వానలు తగ్గినపిదప, అక్టోబరు ప్రాంతమున, ఎత్తైన మడిలో చల్లుకొనవచ్చును. నీరు నిలువని ఎఱ్ఱచెలక మేలు. నారును జానెడు ఎడముగా నాటినయెడల చలికాలమున పూచును; ఎండలు ముదిరినపుడు దానిని పెరికివేసి, వచ్చు ఏటికి క్రొత్తగా విత్తవలెను.