మూత కుదిరితేనే పెట్టె

గొలుగొండ చుట్టుపక్కల ఇంటి పట్టున చెక్కపని చేసి నాలుగు రూపాయలు సంపాదించుకుందామనుకునేవారి చూపు ముందుగా ఏటికొప్పాక మీదకే పోతుంది. పోక ఏం చేస్తుంది? నర్సీపట్నం వెళ్లి అడ్డరోడ్డు బస్సెక్కితే అక్కడికి దగ్గరే. అంకుడు కర్ర, లక్క, ఆకుల నుంచీ గింజల నుంచీ తీసిన రంగులు. ఆ ఊరి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. 2025 గణతంత్ర వేడుకల్లో మన రాష్ట్ర శకటం ఎక్కినవి కూడా ఆ బొమ్మలే. అక్కడి కుంకుమ భరిణె ఒకటి చేతిలోకి తీసుకుంటే, ఇలాంటివి మనమూ చేస్తే పోలా అనిపిస్తుంది.

అనిపించినా ఆ దారి పట్టకండి. భరిణె అందమంతా తరిణె మీద పుడుతుంది. కర్ర గిర్రున తిరుగుతుంటే రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. ఆపైన మొగలి ఆకు అదిమి మెరుగు తెస్తారు. ఆ చెయ్యి కుదరడానికి ఏళ్లు పడుతుంది. పగలంతా జీడిపిక్కల పనికో, కొట్టుకో, బడికో వెళ్లొచ్చి రాత్రిపూట ఓ రెండు గంటలు కూర్చునేవారికి అది అయ్యే పని కాదు. ఒకవేళ అయినా, పేరున్న ఊరి సరుకు పక్కన మన నకలు పెడితే కొనేవారు దేనికి చెయ్యి చాస్తారో చెప్పక్కర్లేదు. ఆ ఊరి పేరే పెట్టి అమ్ముదామంటే అది చట్టంతో చిక్కు.

తరిణె గుండ్రటివే చేస్తుంది. నలుచదరం పెట్టె దానివల్ల కాదు, చెక్క అడుగు మీద వెదురు అల్లిన బుట్టా కాదు. మీకు చోటున్నది అక్కడ. నగల పెట్టె, తాంబూలం పెట్టె, జీడిపప్పు నింపి ఇచ్చే పెట్టె, పళ్ల బుట్ట: ఈ నాలుగు రకాలు చాలు.

పనిముట్లకు పెద్ద ఖర్చు లేదు. సన్నపళ్ల రంపం, చిన్న చిత్రిక, ఒక ఉలి, మూలమట్టం, చేతి డ్రిల్లు, గరుకు కాగితాలు, ఫెవికాల్. బిగించడానికి క్లాంపులు కొననక్కర్లేదు. పాత సైకిల్ ట్యూబును రెండు వేళ్ల వెడల్పున పొడవుగా కోసి పెట్టె చుట్టూ లాగి కట్టండి, నాలుగు మూలలా పట్టు సమానంగా ఉంటుంది. రంపం మీద మాత్రం పిసినారితనం వద్దు. మొద్దు రంపంతో కోసిన చెక్కను ఎంత గీకినా మూల కలవదు.

ఇక చెక్క. ఏజెన్సీ అంచున ఉన్నాం కాబట్టి అడవి కర్ర చవగ్గా ఇస్తామనేవారు తగులుతారు. బిల్లు లేని కర్ర ముట్టుకోవద్దు. రెండొందలు మిగులుతాయని అటవీ శాఖ కేసు నెత్తిన వేసుకోవడం తెలివైన బేరం కాదు. నర్సీపట్నంలో టింబరు డిపోల దగ్గర, తలుపులు, మంచాలు చేసే షాపుల దగ్గర మిగులు ముక్కలు దొరుకుతాయి. జానెడు, మూరెడు టేకు ముక్కలు వాళ్లకు పొయ్యిలోకి, మీకు పెట్టెలోకి. పనస చెక్క పసుపు రంగులో అందంగా ఉంటుంది. వేప చెక్కకు పురుగు బెడద తక్కువ. చింతపల్లి వైపు కాఫీ తోటల్లో నీడకు పెంచే సిల్వర్ ఓక్ డిపోకి వస్తే తేలిక పెట్టెలకు బాగుంటుంది. మామిడి అన్నిటికంటే చవక, కానీ పుచ్చు త్వరగా పడుతుంది. పెట్టె పక్కన సన్నటి పిండి రాలుతోందంటే లోపల పురుగు తొలుస్తున్నట్టే. పది లీటర్ల నీళ్లలో 300 గ్రాముల వెలిగారం, 200 గ్రాముల బోరిక్ పౌడర్ కరిగించి, కోసిన ముక్కలను ఒక రోజు నానబెట్టి ఆరబెడితే ఆ బాధ చాలావరకు తప్పుతుంది. తినే వస్తువులు పెట్టే వాటికి మాత్రం ఈ మందు వద్దు, వాటికి టేకో వేపో వాడండి.

ఏ చెక్కయినా ఆరాలి. వానాకాలంలో తెచ్చిన పలకతో వెంటనే పెట్టె చేస్తే మాఘమాసానికి మూత వంకర తిరుగుతుంది. అరంగుళం పలకలను నీడలో, మధ్యమధ్య సన్న కర్రలు పెట్టి దొంతరగా పేర్చండి. గాలి అన్ని వైపులా ఆడాలి. ఆరిందో లేదో చూడటానికి తక్కెడ చాలు. ఒక పలక మీద బరువు రాసి పెట్టుకుని వారం వారం తూచండి. బరువు తగ్గడం ఆగిపోయినప్పుడు ఆ దొంతర పనికి సిద్ధం. ఎండలో పడేస్తే తొందరగా ఆరుతుంది కదా అనుకుంటారు. తొందరగా పగులుతుంది కూడా.

పెట్టె చేయడం నేర్చుకునేవారిలో ఎక్కువమంది అడుగు, పక్కలు ఒకటిగా కట్టి, మూతను విడిగా కొలిచి చేస్తారు. ఎంత కొలిచినా ఒక మూల నూలు వాసి అటో ఇటో పోతుంది. కొట్టులో ఎవరైనా పెట్టె చేతిలోకి తీసుకున్నప్పుడు గమనించండి. బొమ్మ చూడరు, రంగు చూడరు, ముందు మూత ఓసారి తీసి పెడతారు. అది కదలకుండా కూర్చుంటే ధర అడుగుతారు. ఊగితే కింద పెట్టేస్తారు. అందుకే మూతను విడిగా చేయకండి.

ఎనిమిది అంగుళాల పొడవు, అయిదు వెడల్పు, నాలుగు ఎత్తు అనుకుందాం. నాలుగు పక్కలు అరంగుళం మందం పలకతో కోయండి. పైకీ కిందికీ పలుచని టేకు ప్లైవుడ్ వేయండి. పలక వానకు ఉబ్బి ఎండకు కుదించుకుంటుంది, ప్లైవుడ్‌కు ఆ గుణం తక్కువ. అతికేటప్పుడు ఒక చిన్న జాగ్రత్త ఉంది. కోసిన అడ్డుకొన జిగురును పీల్చేసుకుంటుంది. ముందు పలుచగా ఒక పూత రాసి, పది నిమిషాలు ఆగి, మళ్లీ రాసి అప్పుడు అతకండి. ఆరు ముఖాలూ మూసేయండి. అవును, తెరవడానికి వీల్లేని డబ్బాలా. ట్యూబు కట్టి మర్నాటిదాకా వదిలేయండి.

మర్నాడు పై నుంచి అంగుళం కిందికి, నాలుగు వైపులా చుట్టూ గీత గీసి, ఆ గీత వెంట రంపంతో కోయండి. మూడు వైపులు పూర్తయ్యాక ఆ సందుల్లో అట్టముక్కలు దూర్చి అప్పుడు నాలుగో వైపు కోస్తే చివర్లో చెక్క చీలదు. ఒకే చెక్క రెండైంది కాబట్టి మూత, డబ్బా పొర కలిసి వస్తాయి. ఎటు వైపు ఎటు వస్తుందో లోపలి మూలన పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. కోసిన అంచులు సరిచేయడానికి కడప బండ మీద గరుకు కాగితం పరిచి, డబ్బాను బోర్లించి గుండ్రంగా రుద్దండి. చేత్తో కాగితం పట్టి రుద్దితే అంచు గుండ్రమైపోతుంది. చివరగా డబ్బా లోపలి గోడలకు పలుచని చెక్క పట్టీలు, అంచు కంటే పావంగుళం పైకి వచ్చేలా అతకండి. మూత వాటి మీద దిగి కూర్చుంటుంది. బందులు, గొళ్లెం ఏవీ అక్కర్లేదు.

మూలలకు పట్టు కావాలంటే మేకులు కొట్టకండి. రంపం దారిలో మేకు పడితే పళ్లు పోతాయి. మూడు మిల్లీమీటర్ల రంధ్రం వేసి వెదురు చీల దిగ్గొట్టండి, దాన్ని రంపం కోసుకుపోతుంది. ఇనుముతో ఇంకో చిక్కుంది. తేమ తగిలితే టేకు లాంటి చెక్కలో మేకు చుట్టూ నల్లటి మరక పాకుతుంది. చెక్కలోని వగరుకూ ఇనుముకూ పడదు. ఈ పడకపోవడాన్నే రంగుగా వాడుకోవచ్చు, అది కాసేపట్లో.

బుట్టకు అల్లిక మేదర ఇళ్లలో చూసి నేర్చుకోవాల్సిందే, కాగితం మీద నేర్పలేం. నేర్చుకోవడం కుదరకపోతే చెక్క అడుగు మీరు చేసి, అల్లికకు వాళ్లకు కూలి ఇవ్వండి, ఇద్దరికీ లాభం. ఎనిమిది అంగుళాల గుండ్రటి చెక్క అడుగు తీసుకుని, అంచుకు అరంగుళం లోపలగా చుట్టూ 21 రంధ్రాలు వేస్తే సుమారు అంగుళానికొకటి వస్తుంది. 20 వేయకూడదు, 22 వేయకూడదు. నిలువు బద్దలు బేసి సంఖ్యలో ఉంటేనే ఒకే బద్ద చుట్టూ తిరుగుతూ ఒక వరసలో ముందు నుంచి పోయినచోట పై వరసలో వెనక నుంచి పోతుంది. సరి సంఖ్య అయితే ప్రతి వరసా ఒకేచోట పడి అల్లిక బిగియదు. బద్దలను అల్లేముందు నీళ్లలో నానబెట్టడం మరవకండి. పట్టా భూముల్లో, పొలం గట్ల మీద పెంచిన వెదురు కొనడానికి ఇప్పుడు భయం లేదు. 2017లో అటవీ చట్టాన్ని సవరించి, అడవి బయట పెరిగే వెదురును చెట్ల జాబితా నుంచి తీసేశారు.

అలంకరణ దగ్గరే చాలామంది డబ్బు తగలేస్తారు. చెమ్కీలు, అద్దాలు, నిగనిగలాడే ఎనామిల్. అలాంటివి కొట్టు నిండా ఉన్నాయి, ఫ్యాక్టరీవాళ్లు మీకంటే చవగ్గా ఇస్తారు. వాళ్లు ఇవ్వలేనిది కరక్కాయ నలుపు. శ్రీకాళహస్తి, మచిలీపట్నం కలంకారీవాళ్లు గుడ్డ మీద వేసే నలుపే ఇది. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు ఒక కుండలో వేసి మూతి గుడ్డతో కట్టి రెండు మూడు వారాలు పులియబెట్టాలి. అనకాపల్లి బెల్లం జిల్లాలో ఉండి బెల్లానికి వెతుక్కోవాల్సిన పని లేదు, రంగు మారిన ముక్క బెల్లమైనా సరిపోతుంది. మరో గిన్నెలో కరక్కాయ పొడి మరిగించి వడకట్టండి. కరక్కాయ సంతలో దొరుకుతుంది.

ముందు కరక్కాయ నీళ్లు చెక్కకు పూయండి. లేత పసుపు తప్ప ఏమీ కనపడదు. ఆరాక బెల్లం ఇనుప నీళ్లు తగిలించండి, చూస్తుండగానే బూడిద రంగు తిరిగి నల్లబడిపోతుంది. చెక్కకు సొంత వగరు లేకపోయినా కరక్కాయ అరువిస్తుంది కాబట్టి మామిడి మీదైనా పండుతుంది. మూత మీద ముగ్గు వేయాలంటే ఇనుప నీళ్లలో కాస్త చింతగింజల జిగురు కలిపి చిక్కచేసి, కొన చెక్కిన వెదురు పుల్లతో గీయండి. పలుచగా ఉంటే పొర వెంట పాకుతుంది. ముందు వ్యర్థపు ముక్క మీద గీసి చూసుకోవడం మంచిది. చేతులకు తొడుగులు వేసుకోండి, ఆ నలుపు పెళ్లికి వెళ్లినా పోదు. పసుపు కొమ్ముతో తెచ్చే రంగు జోలికి పోవద్దు. ఎంత ముద్దొచ్చినా ఎండ తగిలితే వెలిసిపోతుంది, కొన్నవాళ్లు మీ పేరు తలుచుకుంటారు.

ముగింపు పూతకు లక్క రేకులు. లీటరు పాలిష్ స్పిరిట్‌లో 150 గ్రాములు రాత్రంతా కరగనిచ్చి, మెత్తటి గుడ్డతో పలుచగా, ఆరనిస్తూ నాలుగైదు పూతలు వేయండి. స్పిరిట్ ఉన్న గదిలో పొయ్యి వెలగకూడదు, దీపం కూడా. ముసురు రోజుల్లో పూస్తే తెల్లటి మబ్బు కమ్ముతుంది, తెరిపి ఇచ్చేదాకా ఆగండి. వేడి గిన్నె పెడితే లక్క లేచిపోతుందని కొనేవారికి ముందే చెప్పండి. తినేవి పెట్టే డబ్బా లోపల ఏ పూతా వేయకుండా వెన్న కాగితం పరిస్తే చాలు.

ధర దగ్గర మొహమాటం పనికిరాదు. ఉదాహరణకు ఒక పెట్టెకు చెక్క, ప్లైవుడ్, జిగురు, పాలిష్ కలిపి 90 రూపాయలైందనుకోండి. మూడు గంటల పని, గంటకు 60 చొప్పున 180. పాడైన ముక్కలకు, బస్సు చార్జీలకు 30. మొత్తం 300. ఇది మీ అసలు. కొట్టువాడు తన లాభం వేసుకుని 400కి అమ్ముతాడు. చాలామంది ఆడవాళ్లు ఆ 180ని లెక్కలోకే తీసుకోరు, ఇంట్లో పనే కదా అంటారు. అలా అయితే నెల తిరిగేసరికి ఒళ్లు నొప్పులు తప్ప ఏమీ మిగలవు. ఖర్చు తగ్గించాలంటే కూలి కోయకండి, పదేసి పెట్టెల ముక్కలు ఒకేసారి కోయండి. ఒక్కో పెట్టెకు పట్టే టైము చాలా తగ్గుతుంది.

ఎక్కడ అమ్మాలి? మాఘ, ఫాల్గుణ పెళ్లిళ్లు, శ్రావణ శుక్రవారాల వాయనాలు మొదటి గిరాకీ. చలికాలంలో లంబసింగికి పోయే జనం నర్సీపట్నం మీదుగానే పోతారు. లంబసింగిలో స్ట్రాబెర్రీలు ప్లాస్టిక్ డబ్బాల్లో అమ్ముతున్నారు, అరకిలో పట్టే బుట్ట చూపించండి. మన మండలంలోని కృష్ణదేవిపేటలోనే అల్లూరి సీతారామరాజు సమాధి ఉంది. మే 7 వర్ధంతికి, జులై 4 జయంతికి వచ్చేవారు జ్ఞాపకంగా ఏదైనా పట్టుకెళ్దామనుకుంటే చేతికి అందేలా పెట్టండి. పిల్లల బొమ్మలని మాత్రం అమ్మకండి. 2021 జనవరి నుంచి బొమ్మలకు ఐఎస్ఐ ముద్ర నిబంధన వచ్చింది. నమోదైన హస్త కళాకారులకు మినహాయింపు ఉంది గానీ, కొత్తవారికి ఆ గొడవెందుకు?

అప్పు కోసం బయట వడ్డీకి పోయేముందు పీఎం విశ్వకర్మ చూడండి. 2023 సెప్టెంబరు 17న మొదలైన ఈ పథకంలో ఉన్న 18 వృత్తుల్లో వడ్రంగులు, బుట్టలు అల్లేవారు ఉన్నారు. శిక్షణ రోజుల్లో రోజుకు 500, పనిముట్లకు 15 వేలు, 5 శాతం వడ్డీకి హామీ లేకుండా మొదట లక్ష, అది తీర్చాక రెండు లక్షలు. ఇంటికి ఒక్కరికే. సర్కారు ఉద్యోగి ఉన్న ఇంటికి వర్తించదు. అప్పటికే ఆ పని చేస్తున్నవారికే ఇస్తారు, పంచాయతీ స్థాయిలో పరిశీలన జరుగుతుంది. కాబట్టి ఆధార్, బ్యాంకు పుస్తకం పట్టుకుని కామన్ సర్వీస్ సెంటర్‌కు పోయేముందు చేసిన పెట్టెలు కొన్ని, అమ్మిన చీటీలు కొన్ని చేతిలో ఉంచుకోండి. పెళ్లి ఆర్డరు వస్తే సగం సొమ్ము ముందు తీసుకున్నాకే చెక్క కొనండి. పెళ్లివారు బంధువులైతే మరీను.