పిప్పిగోళ్ళకు పైపూత మందులు

తడి మడిలోను, పశువుల కొట్టములోను కాళ్ళు నానుట, చెమట పట్టిన బూట్లతో దినమెల్ల పనిచేయుట డోన్ ప్రాంతపు రైతులకు, గని కూలీలకు నిత్యము ఉన్నదే. ఇట్టివారి కాలిగోళ్ళు పసుపుపచ్చనై, దళసరియై, పొడి రాలుచుండుట తరచుగా చూతుము. దీనినే పిప్పిగోరు అందురు. పైరులకు తెగుళ్ళు తెచ్చు బూజుల వంటి శిలీంధ్రమే దీనికి ముఖ్య కారణము.

చాలమంది చీటీ లేకయే క్లోట్రిమజోల్ పూత కొని గోటిపై రాయుదురు. గోరు గట్టి పలక. బూజు దాని లోపలను, క్రిందను ఉండును. పూత అంతవరకు దిగదు. గరికను పైపైన కోసి వేరును విడిచినట్లే అగును. అయితే వ్రేళ్ళ సందులలో చర్మము నాని దురద పెట్టునప్పుడు ఆ పూతయే బాగుగా పనిచేయును. దురద తగ్గిన పిదప కూడ 2 వారములు రాయవలెను. లేనిచో చర్మము నుండి బూజు మరల గోటికి ప్రాకును.

స్టెరాయిడ్ కలిసిన పూతను మాత్రము వాడకుడు. దురద వెంటనే తగ్గినట్లుండును గాని బూజు లోలోపల వ్యాపించును. ఇట్టి స్టెరాయిడ్ పూతలను పెక్కింటిని కేంద్ర ప్రభుత్వము 2018లో డాక్టరు చీటీపై మాత్రమే అమ్మవలసిన షెడ్యూల్ హెచ్ జాబితాలో చేర్చినది. పైరుపై చల్లు శిలీంధ్రనాశక మందులను ఎన్నడును గోటికి పూయరాదు.

మరి చేయవలసినదేమి? దెబ్బ తగిలినను, సోరియాసిస్ వలనను గోరు ఇట్లే చెడును. కావున ముందు డాక్టరుకు చూపుడు. గోటి పొడిని సూక్ష్మదర్శినితో పరీక్షించి బూజును గుర్తింపవచ్చును. కర్నూలు సర్వజన వైద్యశాలలో చర్మవ్యాధుల విభాగము కలదు. వ్యాధి కొద్దిగా ఉన్నచో వారమునకొకసారి వేయు 5 శాతము అమొరాల్ఫిన్ గోటి రంగు ఉపకరించును. ముదిరినచో టెర్బినాఫిన్ 250 మిల్లీగ్రాముల బిళ్ళ దినమునకు ఒకటి చొప్పున చేతిగోళ్ళకు 6 వారములు, కాలిగోళ్ళకు 12 వారములు సాధారణముగా ఇత్తురు. కాలేయ వ్యాధి గలవారికి ఇది పనికిరాదు. డాక్టరు చెప్పనిదే ఎవరును మ్రింగరాదు.

బూజు చచ్చినను చెడిన గోరు బాగుపడదు. క్రొత్త గోరు రావలెను. కాలిగోటికి 12 నుండి 18 నెలలు పట్టును. ఓపిక పట్టుడు.

పని ముగియగానే కాళ్ళు కడిగి, వ్రేళ్ళ సందులు పొడిగా తుడువుడు. బూట్లను ఎండలో ఆరవేయుడు. గోళ్ళు తీయు కత్తెరను ఒకరిది మరొకరు వాడకుడు.

గ్రామాధికారులకు ఒక మనవి: మధుమేహము గలవారికి పిప్పిగోటి వద్ద చిన్న పుండు పడినను పాదమునకే ముప్పు రావచ్చును. అట్టివారిని ఆలస్యము లేక వైద్యశాలకు పంపవలెను.