ప్రజల పక్షమున ఒక ప్రశ్న

ఊరి చెరువునకు గండి పడినను, బడి కప్పు కూలినను సామాన్యుడు రాజధానికి పోయి మంత్రిని నిలదీయజాలడు. ఆ పనికే ప్రజలు తమలో ఒకరిని ఎన్నుకొని శాసనసభకు పంపుదురు.

సభ జరుగు దినములలో ప్రశ్నోత్తరముల సమయము మిక్కిలి ముఖ్యమైనది. సభ్యుడు తన ప్రశ్నను ముందుగా వ్రాసి పంపవలెను. నక్షత్రపు గుర్తు గల ప్రశ్నకు మంత్రి సభలోనే లేచి బదులు చెప్పును. అది చాలనిచో అనుబంధ ప్రశ్నలు వేయవచ్చును. గుర్తు లేని ప్రశ్నకు వ్రాతమూలమున సమాధానము వచ్చును. సభలో పలికిన మాట సాధారణముగా గ్రంథస్థమగును గనుక, పిమ్మట దానిని కాదనుట మంత్రికి సులభము కాదు.

ఈ విధిని నిష్ఠతో నెరవేర్చిన వారిలో శ్రీ వావిలాల గోపాలకృష్ణయ్యగారు ఒకరు. సత్తెనపల్లి ప్రజలు 1952 మొదలు 1967 వరకు జరిగిన ఎన్నికలలో ఆయనను నాలుగు మారులు గెలిపించిరి. మెట్ట పొలములకు కృష్ణనీరు అందవలెనని ఆయన నాగార్జునసాగరమునకై పాటుపడెను. 1955 డిసెంబరు 10న నెహ్రూ దానికి శంకుస్థాపన చేసెను.

ప్రభుత్వ వ్యవహారములు తెలుగున నడువవలెననియు ఆయన పట్టుబట్టెను. తనకు వచ్చిన ఉత్తరువును తానే చదువుకొనలేని రైతు తన హక్కును ఎట్లు అడుగగలడు? 1966లో తెలుగును అధికారభాషగా చేయు చట్టము వచ్చెను. 1974లో ఏర్పడిన అధికారభాషా సంఘమునకు ఆయనయే తొలి అధ్యక్షుడు.

సభలో ప్రశ్నించుట సభ్యుని విధి. సమావేశములు ముగిసి ఊరు చేరిన సభ్యుని, "మా ప్రశ్నకు ఏమి బదులు వచ్చెను?" అని అడుగుట ప్రజల విధి.