కంతి – దాని పేరు – దాని సంఖ్య

రాచపుండు అనగానే మనవారు నోరు, రొమ్ము, గర్భాశయము మొదలగు అవయవములను తలంతురు. కాని కండ, క్రొవ్వు, నరములు, రక్తనాళములు మొదలగు మెత్తని కణజాలములందును రాచపుండు పుట్టును. దీనిని వైద్యులు సార్కోమా యందురు. గ్రీకు భాషయందు సార్క్స్ అనగా మాంసము. పెద్దవారికి వచ్చు రాచపుండ్లలో నిది యించుమించు నూటి కొకటి మాత్రమే. చూచినవారు తక్కువ గనుక దీనిని క్రొవ్వుగడ్డ యని యెంచి విడుచుట గలదు.

క్రొవ్వుగడ్డ సాధారణముగా చర్మముక్రింద మెత్తగా నుండి, వ్రేలితో త్రోసినచో కదలును. సార్కోమా తఱచుగా నొప్పి లేకయే పెరుగును. నొప్పి లేదు గదా యని జనులు నెలల తరబడి యూరకుందురు. ఇంతకంటె మోసకరమైన లక్షణము వేఱొకటి లేదు. కంతి 5 సెంటీమీటర్లకు మించినను, లోతుగ నున్నను, పెరుగుచున్నను, తీసివేసిన పిదప మరల వచ్చినను పరీక్ష చేయింపవలెను.

ఒకరి తొడలో నట్టి కంతి కలదనుకొందము. మొదట ఎమ్.ఆర్.ఐ. చిత్రమువలన నది నరములకు, నాళములకు ఎంత దాపున నున్నదో తెలియును. పిదప లావుపాటి సూదితో చిన్న ముక్క తీయుదురు. ఇది తెలిసికొనకయే కంతిని కోసినచో కణములు చుట్టుప్రక్కల చెదరి, రెండవ శస్త్రచికిత్స మఱింత విస్తారము కావచ్చును. కాలు నిలుచుటయు కష్టము కావచ్చును. సూది పోవు త్రోవను శస్త్రవైద్యునితో నాలోచించియే నిర్ణయింపవలెను. ముక్కను సూక్ష్మదర్శినితో చూచి, కణముల పోలికను, విభజనను, చచ్చిన భాగమును బట్టి 1 మొదలు 3 వఱకు తరగతి నిర్ణయింతురు. ఈ వ్యాధి ముఖ్యముగా ఊపిరితిత్తులకు ప్రాకును గనుక ఎదకు సి.టి. చిత్రమును తీయుదురు.

ఇక వ్రాత. వైద్యశాలలో గుమాస్తాపని చేయగోరు విద్యార్థులు దీనిని శ్రద్ధగా చదువుదురు గాక. ప్రపంచ ఆరోగ్యసంస్థవారి వ్యాధుల వర్గీకరణ 10వ కూర్పున మెత్తని కణజాలపు రాచపుండునకు సి49 సంకేతము. చేయి యైన సి49.1, కాలైన సి49.2. కుడియో యెడమయో యీ సంకేతము చెప్పదు. దానిని మాటలలో వ్రాయవలెను. కంతులకై 1976లో తొలుత వెలువడిన వేఱొక గ్రంథము కణజాతికి నాలుగంకెలను, గీత కావల నడతకొక యంకెను ఇచ్చును. 8850/0 అనగా నిరపాయమైన క్రొవ్వుగడ్డ. 8850/3 అనగా లైపోసార్కోమా. ఒక్క యంకె తప్పినచో ప్రాణాంతకమైన వ్యాధి పుస్తకములో సాధువగును!

వైద్యుడు తొందరలో “తొడ క్యాన్సరు” అని మాత్రము వ్రాసెనేని, గుమాస్తా తన యూహతో పూరింపరాదు. అది స్థానము స్పష్టముకాని సి76.5 లోనికి పోవును. సార్కోమాల లెక్కలో నుండదు. అట్లే తొడనుండి ఊపిరితిత్తికి ప్రాకిన కంతిని ఊపిరితిత్తి క్యాన్సరుగా, అనగా సి34గా, వ్రాయరాదు. అది రెండవ స్థానము, సి78.0. బెంగుళూరు, బొంబాయి, మద్రాసు నగరములలో 1982 మొదలు జరిగిన జాతీయ నమోదు ఇట్టి కాగితములనుండియే కూర్పబడినది.